ఉన్నచోటనే మార్చడం ఎట్లా?

పిల్లలూ, ఎండాకాలంలో భద్రాచలం చుట్టుపక్కల అడవి గ్రామాలకు మీరెప్పుడైనా వెళ్ళారా? వెళ్ళినట్టయితే ఊరి చివర తునికాకు కల్లం చూసే ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో కోయ కుటుంబాలవారు తెల్లవారకముందే అడవికి పోయి తునికి చెట్ల ఆకు కోసుకువస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏభై ఏభై ఆకులు పేర్చి కట్టలు కడతారు. సాయంత్రానికి ఆ కట్టలన్నీ కల్లానికి చేరతాయి. అక్కడ వాటిని నేలమీద వరుసలుగా పరుస్తారు. కల్లేదారు వరుసల వెంట నడుస్తూ లెక్క చూసుకుంటాడు. బీడీలు చుట్టేది ఈ ఆకుతోనే.

ఆకు ఒక పక్కనే ఎండితే చాలదు. అందుకని కొన్ని రోజులు గడిచాక కట్టలన్నిటినీ తిరగేస్తారు. అప్పుడు పనివాళ్ళు ఏం చేస్తారో గమనించండి. కట్టలన్నీ ఎత్తి మరొక చోట కొత్త వరుస పేర్చరు. మొదటి కట్ట దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్నీ ఉన్నచోటనే బోర్లా తిప్పుకుంటూ చివరిదాకా పోతారు. ఏడో కట్ట ఏడో చోటనే ఉంటుంది, నూరో కట్ట నూరో చోటనే ఉంటుంది. లెక్క మారలేదు, వరుస మారలేదు. మారింది కట్ట పడుకున్న తీరు ఒక్కటే.

సరిగ్గా ఇట్లాంటి పనినే మనం కంప్యూటరుచేత కూడా చేయిస్తాము. ఆ సంగతే ఈ నెల మీకు చెబుతాను. చూడడానికి ఇది చాలా చిన్న పని. కాని దీనిలో ఉన్న ఒక మెలిక తెలియనందువల్ల మా మేనత్త మనుమడికి చదువు కోసం అందవలసిన సాయం ఆగిపోయింది. ఆ కథ కూడా వస్తుంది, తొందరపడకండి.

గడుల వరుస

మీ బడిలో హాజరుపట్టీ ఉన్నది గదా! మాస్టారు పేరు పిలవకుండా “పదిహేడు” అన్నా సరే, పదిహేడో నంబరువాడు లేచి “ప్రెజెంట్ సార్” అంటాడు. కంప్యూటరు కూడా తన మెమరీలో ఇట్లాగే నంబర్లు వేసిన గడులను వరుసగా పెట్టుకుని, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సంగతి దాచుకుంటుంది. ఆ గడుల వరుసను ‘అర్రే’ అంటారు. వింటే ఎవరో ఆశ్చర్యపోయినట్టు ఉంటుంది గాని, ఆ మాటకు అర్థం బారులు తీర్చిన వరుస అనే.

ఒక్క తేడా ఉన్నది. మీరు ఒకటి నుంచి లెక్క పెడతారు. చాలా కంప్యూటరు భాషలు సున్న నుంచి లెక్క పెడతాయి. నవ్వకండి! వరుస మొదటినుంచి ఎంత దూరం జరగాలి అన్నదే అక్కడ నంబరు. ఖమ్మం బస్ స్టాండులో ఇంకా బయలుదేరని బస్సు ఎంత దూరం వచ్చినట్టు? సున్న. మొదటి గడి సంగతీ అంతే.

కంప్యూటరుకు పనులు చెప్పే భాషలు చాలా ఉన్నాయి. వాటిలో చిన్న చిన్న పనులు చకచకా చేయించుకోవడానికి వాడే వాటిని స్క్రిప్టింగ్ భాషలంటారు. 1987లో లారీ వాల్ ‘పెర్ల్’ భాషను, 1991లో గిడో వాన్ రోసమ్ ‘పైథాన్’ను లోకానికి ఇచ్చారు. 1995లో బ్రెండన్ ఐక్ చేసిన ‘జావాస్క్రిప్టు’, జపానుకు చెందిన యుకిహిరో మత్సుమోతో చేసిన ‘రూబీ’ వచ్చాయి. 2008లో వచ్చిన మూడో పైథాన్‌లో మరొక ముచ్చట ఉన్నది. గడుల వరుసకు మన తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. ‘జిల్లాలు’ అని పేరు పెడితే, జిల్లాలు[0] అంటే మొదటి గడి. జిల్లాలు[1] అంటే రెండో గడి.

ఇప్పుడు మన అడవి సీమనుంచి నాలుగు ఊళ్ళ పేర్లు తీసుకుందాం. ‘ఊళ్ళు’ అనే వరుసలో సున్న గడిలో భద్రాచలం, ఒకటో గడిలో కూనవరం, రెండో గడిలో చింతూరు, మూడో గడిలో వెంకటాపురం. నాలుగూ గోదావరికి ఉత్తరపు వైపున ఉన్నవే. దాని పక్కన ‘జిల్లాలు’ అనే వరుస. ఏ నంబరు ఊరికి ఆ నంబరు గడిలోనే జిల్లా పేరు ఉంటుంది. 1959కి ముందు ఈ నాలుగు గడుల్లోనూ ‘తూర్పు గోదావరి’ అనే ఉండాలి. ఆ ఏట భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరినుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. ఖమ్మం జిల్లా అప్పటికి కొత్తదే. 1953లో వరంగల్లు జిల్లానుంచి విడిపోయి ఏర్పడింది. కాబట్టి 1959లో నాలుగు గడుల్లోనూ మాట మారి ‘ఖమ్మం’ కావాలి. దీన్ని కంప్యూటరు ఎట్లా చేస్తుంది?

రెండు దారులు

మొదటి దారి: పాత వరుసను ముట్టుకోకుండా, దాన్ని చూస్తూ పక్కన కొత్త వరుస రాయడం. రెండో దారి: కల్లంలో మాదిరిగా, ఉన్న గడిలోనే పాత మాట తుడిచి కొత్త మాట రాయడం.

నాలుగు గడులకు ఏ దారి అయినా ఒకటే. కాని మీ నాన్నగారి ఫోనులో కోటీ ఇరవై లక్షల చుక్కలున్న ఒక ఫొటో ఉన్నదనుకోండి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు సంఖ్యలు. అంటే మూడు కోట్ల అరవై లక్షల గడులు! ఫొటోను కాస్త వెలుగుగా చేయాలంటే ప్రతి గడిలో సంఖ్యనూ కొంచెం పెంచాలి. కొత్త వరుస రాస్తే మరో మూడు కోట్ల అరవై లక్షల గడులకు చోటు కావాలి. ఉన్నచోటనే మారిస్తే అదనంగా చోటే అక్కరలేదు. కల్లం చిన్నదైనప్పుడు రెండో కల్లం ఎక్కడ వెతుక్కుంటాము?

అందుకే భాషలు రెండు దారులకూ వేరువేరు మాటలు ఇచ్చాయి. రూబీలో ‘మ్యాప్’ అంటే కొత్త వరుస వస్తుంది. అదే మాట చివర ఆశ్చర్యార్థకం పెట్టి ‘మ్యాప్!’ అంటే ఉన్న వరుసే మారిపోతుంది. “జాగ్రత్త సుమా, పాతది పోతుంది” అని ఆ గుర్తు హెచ్చరిస్తున్నదన్నమాట. పైథాన్‌లో ‘సార్ట్’ అంటే వరుసను ఉన్నచోటనే క్రమంలో పెడుతుంది. ‘సార్టెడ్’ అంటే క్రమంలో పెట్టిన కొత్త వరుసను చేతికిస్తుంది. జావాస్క్రిప్టులో ‘సార్ట్’ ఉన్న వరుసనే మార్చేస్తుంది; కొత్త వరుస ఇచ్చే మాటను ఆ భాషలో 2023లో చేర్చారు.

చీటీయా, కట్టా?

ఇక్కడే మొదటి మెలిక. మీరు పైథాన్‌కు ఇట్లా చెప్పారనుకోండి: “జిల్లాలు వరుస వెంట నడువు. చేతికి వచ్చినదాన్ని ‘జిల్లా’ అని పిలువు. జిల్లాను ఖమ్మం చెయ్యి.” కంప్యూటరు చివరిదాకా నడిచి వస్తుంది. తప్పు జరిగిందని కూడా చెప్పదు. తీరా వరుస తెరిచి చూస్తే నాలుగు గడుల్లోనూ తూర్పు గోదావరే ఉంటుంది!

ఏమైంది? కంప్యూటరు గడి దగ్గర ఆగి, దానిలో ఉన్నది చూసి, ‘జిల్లా’ అనే చీటీని దానికి తగిలించింది. మీరు ఖమ్మం చెయ్యమనగానే ఆ చీటీని ఊడదీసి ‘ఖమ్మం’ అనే మాటకు తగిలించింది. గడిని ముట్టుకోనే లేదు. కల్లంలో కట్టను తిప్పకుండా, కల్లేదారు చేతిలోని కాగితాన్ని తిప్పినట్టయింది. కాగితం ఎన్నిసార్లు తిప్పితే మాత్రం ఆకు ఎండుతుందా?

మరి ఎట్లా చేయాలి? గడి నంబరు పట్టుకుని పోవాలి. “సున్న మొదలు చివరిదాకా ఒక్కొక్క నంబరుకూ, జిల్లాలు[నంబరు] = ఖమ్మం” అని చెప్పాలి. అప్పుడు చెయ్యి నేరుగా గడిలోకి పోతుంది.

ఈ విషయంలో అన్ని భాషలూ ఒక తీరుగా ఉండవు. పెర్ల్‌లో వరుస వెంట నడిచేటప్పుడు చేతికి వచ్చేది చీటీ కాదు, అసలు కట్టే! దాన్ని మారిస్తే వరుస మారినట్టే. పీహెచ్‌పీ అనే భాషలో మామూలుగా నడిస్తే నకలు చేతికి వస్తుంది; పేరుకు ముందు ‘&’ గుర్తు పెడితే అసలు గడి చేతికి వస్తుంది. అయితే అక్కడ నడక ముగిశాక కూడా ఆ పేరు కడపటి గడిని వదలదు. ఆ పేరునే తరువాత మరో పనికి వాడితే కడపటి గడి పాడవుతుంది. కాబట్టి కొత్త భాష నేర్చుకునేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది: “నా చేతిలో ఉన్నది చీటీయా, కట్టా?”

ఊరు కదలలేదు

ఇక మా మేనత్త కథకు వద్దాం. ఆమెది కూనవరం. శబరి నది వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఆ ఏడే ఖమ్మం జిల్లానుంచి కూనవరం, చింతూరు మొదలైన మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో ఉంచారు. ఆ రెండూ మళ్ళీ తూర్పు గోదావరి జిల్లాలోకి వెళ్ళాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే నిలిచింది.

అంటే ఈసారి వరుసలో ఒకటో గడి, రెండో గడి మాత్రమే మారాలి. “ఖమ్మం అని ఉన్నచోటల్లా తూర్పు గోదావరి చెయ్యి” అంటే భద్రాచలం, వెంకటాపురం కూడా కొట్టుకుపోతాయి. కాబట్టి ప్రతి నంబరు దగ్గరా ఆగి, పక్క వరుసలో ఊరి పేరు చూసి, ఆ తరువాతనే మార్చాలి.

పేద పిల్లలకు కాలేజీ ఫీజు ఇచ్చే ఒక సంస్థవారి దగ్గర ఇట్లాంటి ఊళ్ళ జాబితా ఉండేది. వారు దాన్ని ఉన్నచోటనే మార్చారు, ఇప్పుడు చెప్పిన జాగ్రత్తతోనే మార్చారు. 2016 ఎండాకాలంలో మా అత్తయ్య మనుమడు అక్కడ దరఖాస్తు పెట్టాడు. వాడు పదో తరగతి ప్యాసయింది 2013లో. సర్టిఫికెట్టులో ‘కూనవరం, ఖమ్మం జిల్లా’ అని ఉన్నది. సంస్థవారి కంప్యూటరు తన వరుసలో వెతికింది. కూనవరం ఎదుట తూర్పు గోదావరి ఉన్నది. రెండూ కలవలేదు. దరఖాస్తు తిరుగు టపాలో వచ్చింది.

“మామయ్యా, మా ఊరు ఖమ్మంలో ఎన్నడూ లేదట!” అన్నాడు వాడు, ఏడుపు మొహంతో.

వాణ్ణి వెంటబెట్టుకుని నేను అక్కడికి వెళ్ళాను. జాబితా చూసుకునే యువకుడు మర్యాదస్తుడు. “దానికేమండీ, మార్చకముందే పాత జాబితా దాచి ఉంచాను, చూద్దాం” అంటూ కంప్యూటరు తెరిచాడు. ‘పాత_జిల్లాలు’ అనే పేరుతో ఒక వరుస నిజంగానే ఉన్నది. తెరిస్తే దానిలో కూడా కూనవరానికి తూర్పు గోదావరే కనబడింది. ఆయన తెల్లబోయాడు.

ఇదే రెండో మెలిక. మార్చడానికి ముందు ఆయన రాసిన మాట ఇది: పాత_జిల్లాలు = జిల్లాలు. ఇట్లా రాస్తే నకలు తయారవుతుందని ఆయన నమ్మకం. పైథాన్ అట్లా చేయదు. ఉన్న ఒక్క వరుసకే రెండో పేరు పెడుతుంది. మా అత్తయ్యను నేను ‘అత్తయ్యా’ అంటాను, మా బావ ‘అమ్మా’ అంటాడు, ఆయన కొడుకు ‘నానమ్మా’ అంటాడు. పేర్లు మూడు, మనిషి ఒక్కతే. ఆమె కొత్త కమ్మలు పెట్టుకుంటే ముగ్గురికీ కొత్త కమ్మలే కనబడతాయి. ఒక పేరుతో వరుసను మారిస్తే, రెండో పేరుతో చూసినా మారిన వరుసే కనబడుతుంది. నిజమైన నకలు కావాలంటే ‘కాపీ’ అని విడిగా అడిగి, కొత్త గడుల్లో అంతా రాయించుకోవాలి. ఆ తరువాత ఆ జాబితానే మళ్ళీ ఫైలులో భద్రం చేశారు గనుక పాత మాట కంప్యూటరులో మరెక్కడా మిగలలేదు.

ఎక్కడ మిగిలిందంటే, మా అత్తయ్య ట్రంకుపెట్టెలో! మామగారి నాటి భూమి కాగితం మీద తూర్పు గోదావరి జిల్లా. ఆమె పెళ్ళి శుభలేఖ మీద ఖమ్మం జిల్లా. మనుమడి కొత్త కాగితాల మీద మళ్ళీ తూర్పు గోదావరి జిల్లా. వాటిని ఒక్కొక్కటే నా చేతికిస్తూ ఆమె ఇట్లా అన్నది: “ఇల్లు కదల్లేదు. శబరి కదల్లేదు, గోదావరి కదల్లేదు. నేనూ కదల్లేదు. కాగితం మీద జిల్లా మాత్రం ఇటూ అటూ తిరుగుతున్నదిరా!”

తుడవకుండా మార్చడం

ఆ కాగితాలూ, ఇరుగుపొరుగువారి కాగితాలూ దగ్గర పెట్టుకుని నేనూ ఆ యువకుడూ జాబితాను మళ్ళీ రాశాము. ఈసారి ‘జిల్లాలు’ వరుసలో ఒక్కొక్క గడిలో ఒక్క మాటకు బదులు ఒక చిన్న వరుసనే పెట్టాము. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె అన్నమాట. కూనవరం గడిలోని చిన్న వరుసలో: ముందు తూర్పు గోదావరి, 1959 నుంచి ఖమ్మం, 2014 నుంచి తూర్పు గోదావరి. ఇకమీదట జిల్లా మారినప్పుడు దేనినీ తుడవనక్కరలేదు. చిన్న వరుస చివర ఇంకొక ముక్క చేర్చితే చాలును. దీన్ని పైథాన్‌లో ‘అపెండ్’ అంటారు.

గమనించారా? ఇది కూడా ఉన్నచోటనే మార్చడమే! కొత్త జాబితా పుట్టలేదు, కూనవరం తన ఒకటో గడిలోనే ఉన్నది. కాని పాత మాట చెడలేదు. ఇంకొక విశేషం కూడా ఉన్నది. ఇంతకుముందు చీటీ మార్చితే గడి మారదని చెప్పాను గదా! గడిలో చిన్న వరుస ఉన్నప్పుడు, ఆ చీటీ పట్టుకునే లోపల ఒక ముక్క చేర్చవచ్చు. ఎందుకంటే ఇక్కడ మనం చీటీని ఊడదీసి మరోదానికి తగిలించడం లేదు. చీటీ తగిలించి ఉన్న పెట్టెను తెరిచి లోపల వేస్తున్నాము.

ఆ జాబితాకు త్వరలోనే పని పడింది. 2016 అక్టోబరులో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. భద్రాచలం గడిలో భద్రాద్రి కొత్తగూడెం చేరింది. వెంకటాపురం గడిలో జయశంకర్ భూపాలపల్లి చేరింది. 2019లో దాని వెనుక ములుగు చేరింది. 2022లో కూనవరం, చింతూరు గడుల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా చేరింది. ఏ ఏటి సర్టిఫికెట్టు తెచ్చినా, ఆ ఏటికి ఏ పేరు ఉండేదో జాబితా చెప్పగలదు. మా వాడి దరఖాస్తు రెండోసారి తిరిగి రాలేదు.

అయితే ఎప్పుడూ పాతది దాచుకోవాలా? అక్కరలేదు. తిరగేసిన కట్టకు, నిన్న ఏ పక్క పైకి ఉండేదో ఎవరికి కావాలి? ఉన్నచోట మార్చబోయేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పాతది మళ్ళీ ఎవరికైనా కావలసి వస్తుందా? ఇదే వరుసను వేరే పేరుతో ఇంకెవరైనా చూస్తున్నారా? పని సగంలో ఆగిపోతే ఏమవుతుంది? ఈ మూడో ప్రశ్నను తేలికగా తీసుకోకండి. కల్లంలో సగం కట్టలు తిప్పాక గాలివాన వచ్చి అందరూ పరుగెత్తారనుకోండి. తిరిగి వచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడితే, తిప్పిన కట్టలు వెనక్కి తిరుగుతాయి! కాని గడిలో ‘ఖమ్మం’ అని రెండుసార్లు రాస్తే నష్టం లేదు. చేసే పని ఏ రకమో ముందే చూసుకోవాలి.

మీరూ చేసి చూడండి

నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చి వరుసగా పెట్టండి. లోపల భద్రాచలం, కూనవరం, చింతూరు, వెంకటాపురం అని చీటీలు వెయ్యండి. పక్కన ఒక కాగితం మీద సున్న, ఒకటి, రెండు, మూడు అని చోట్లు గీసుకోండి. ఇప్పుడు 2014లో ఖమ్మం జాబితానుంచి వెళ్ళిపోయిన ఊళ్ళను తీసివేయాలి. సున్నా చోటు నుంచి నడవండి. పెట్టె తీసినప్పుడల్లా వెనుకవాటిని ఒక్కొక్క చోటు ముందుకు జరిపి, మీరు మాత్రం తరువాతి నంబరుకు పోండి. ఒకటో చోట కూనవరం తీయగానే చింతూరు ఆ చోటికి జరుగుతుంది. మీరేమో రెండో చోటికి పోతారు. చింతూరు మీ కంటబడకుండానే జాబితాలో మిగిలిపోతుంది!

దీనికి ఉపాయం ఏమిటో మీ అమ్మనూ నాన్ననూ అడగకముందే ఆలోచించండి. తట్టకపోతే ఒక్క మాట చెబుతాను: ఈసారి మూడో చోటు నుంచి సున్నాకు, వెనక్కి నడిచి చూడండి.